స్కీ హాలిడేలో నార్తర్న్ లైట్స్: డిసెంబరా, మార్చా? లెవీయా, ట్రోమ్సోనా?

రేవతి_79
ఫిన్లాండ్‌లో లెవీకి స్కీ హాలిడే అనుకుంటున్నాం. మా ఆయనకీ మా వాడికీ స్కీయింగ్ అంటే ప్రాణం. నాకూ పాపకీ దాని మీద పెద్ద ఆశ లేదు కానీ, నార్తర్న్ లైట్స్ చూడాలని ఎన్నేళ్ళ నుంచో ఉంది. ట్రావెల్ ఏజెంటేమో "డిసెంబర్లో వెళ్ళండి, రోజంతా చీకటే, గ్యారంటీగా కనిపిస్తాయి" అంటున్నాడు. ఆఫీసులో ఒకావిడ "స్కీ రిసార్ట్‌లో ఆ దీపాల వెలుగుకి ఏమీ కనపడదు, నార్వేలో ట్రోమ్సో వెళ్ళండి" అంటోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. పాపకి ఏడేళ్ళు. మళ్ళీ మళ్ళీ పెట్టగలిగే ఖర్చు కాదు. చూసొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

గిరి_స్కీ
గ్యారంటీ అన్నాడా? ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

హెల్సింకి_శ్రీను
నేను ఇక్కడే ఉంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. నా ఓటు మార్చికే, అందులోనూ మార్చి రెండో సగానికి.

లెవీ దాదాపు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అరోరా (నార్తర్న్ లైట్స్‌నే అలా కూడా అంటారు) ఎక్కువగా కనపడే వలయం సరిగ్గా ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. కాబట్టి చోటు విషయంలో బెంగ అక్కర్లేదు. అడ్డం వచ్చేది మబ్బు. లాప్‌లాండ్‌లో, అంటే లెవీ ఉన్న ఈ ఉత్తరపు కొసన, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఆకాశం మూసుకుపోయి ఉండటం ఎక్కువ. ఫిబ్రవరి, మార్చికి వచ్చేసరికి తేటపడుతుంది. రాత్రి పొడవు ఒక్కటే చూసుకుంటే లాభం లేదు, నక్షత్రాలు కనిపించే రాత్రి కావాలి.

స్కీ సంగతీ చూడండి. డిసెంబర్ మధ్యలో లెవీలో సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలం వెలుగు ఉంటుంది, మిగతా సమయమంతా ఫ్లడ్‌లైట్ల కింద స్కీ చెయ్యాలి. చలి మైనస్ 20, 30 కూడా తాకొచ్చు. మార్చి 20 దగ్గర్లో పగలూ రాత్రీ సమానం. పగలంతా ఎండలో స్కీ, రాత్రంతా ఆకాశం. మంచు కూడా ఆ నెలలోనే బాగా లోతుగా ఉంటుంది.

ఇంకొకటి, విషువత్తుల దగ్గర, అంటే మార్చిలోనూ సెప్టెంబర్లోనూ, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. రస్సెల్, మెక్‌ఫెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో దీనికి కారణం వివరించారు. భూమి అయస్కాంత అక్షం సౌరపవనానికి (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) ఏ కోణంలో ఉందన్నదాని మీద అది ఆధారపడుతుంది.

నీలిమంచు
శ్రీను గారూ, డిసెంబర్‌ని మరీ తీసిపారేయకండి. ఆ నీలం వెలుగు చూడకపోతే లాప్‌లాండ్ చూసినట్టే కాదు. మంచు మీద గులాబీ, నీలం కలిసి ఉంటాయి, ఎంతసేపు చూసినా తనివి తీరదు. మేం సాయంత్రం ఆరింటికే ఆకుపచ్చ వెలుగు చూశాం. మార్చిలో ఆరింటికి ఇంకా వెలుతురే ఉంటుంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి తొందరగా చీకటి పడటం కూడా ఒక సుఖమే కదా?

హెల్సింకి_శ్రీను
నీలిమంచు గారూ, పిల్లల విషయంలో మీ మాటకి ఒప్పుకుంటాను. ఆరింటికి కూడా కనిపించొచ్చు, కానీ ఎక్కువ జోరు రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్యలో. ఆ సమయం డిసెంబర్‌కైనా మార్చికైనా ఒకటే.

వంశీ_గోథెన్‌బర్గ్
ఒక చిన్న విషయం. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. ఆ తర్వాత లెవీలో అరోరాకి సరిపడా చీకటి పడేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఏడేళ్ళ పాపతో వెళ్తున్నారు కాబట్టి ఆ ఆదివారం లోపే ప్లాన్ చేసుకోండి. ఏప్రిల్ సగానికి రాత్రుళ్ళు ఎలాగూ తెల్లబడిపోతాయి.

కేపీ_బాధితుడు
నాకు ఈ యాప్‌ల మీద ఒళ్ళుమంట. మేం ఇలాగే ఒక రిసార్ట్‌లో ఉన్నప్పుడు యాప్‌లో కేపీ 5 అని ఎర్రగా చూపించింది. పిల్లల్ని లేపి, బట్టలన్నీ తొడిగి బయట నిలబెట్టాం. ఏమీ లేదు. మర్నాడు కేపీ 2 అని ఉంటే హాయిగా పడుకున్నాం. పొద్దున్న టిఫిన్ దగ్గర అందరూ రాత్రి భలే కనిపించిందంటూ ఫోటోలు చూపిస్తున్నారు. కడుపు మండిపోయింది.

సౌరపవనం
కేపీ అంటే ఏమిటో తెలిస్తే ఆ కోపం తగ్గుతుందండి. భూమ్మీద 13 అబ్జర్వేటరీల కొలతల నుంచి 3 గంటలకి ఒకసారి కట్టే సగటు అది. 0 నుంచి 9 దాకా ఉంటుంది. అరోరా వలయం దక్షిణానికి ఎంత దూరం పాకుతుందో చెప్పడానికి పనికొస్తుంది. స్కాట్లాండ్‌లో, జర్మనీలో ఉన్నవాళ్ళు చూసుకోవాలి. లెవీ, స్వీడన్‌లోని అబిస్కో, ట్రోమ్సో వలయం కిందే ఉన్నాయి, అక్కడ కేపీ 1, 2 ఉన్నా చాలు. మీ నెత్తిన ఇప్పుడేం జరుగుతోందో అది చెప్పదు. మీరు నిలబడ్డ రాత్రి మబ్బు ఉందా?

కేపీ_బాధితుడు
ఉంది. పల్చగా.

సౌరపవనం
అంతే మరి. అరోరా వెలిగేది దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పైకి. మబ్బులన్నీ దానికి చాలా కిందే.

బయటికి వెళ్ళేముందు కేపీ బదులు రెండు చూడండి. ఒకటి బీజెడ్. సౌరపవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగితే ఆ అంకె మైనస్‌లోకి పోతుంది. అప్పుడు భూమి క్షేత్రంతో అది కలుస్తుంది, శక్తి లోపలికి వస్తుంది. మైనస్ 5, మైనస్ 10 అలా కాసేపు నిలబడితే కోటు వేసుకోవచ్చు. దీన్ని కొలిచే ఉపగ్రహాలు భూమికి దాదాపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉన్నాయి. సౌరపవనం సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే మీకు గంట వ్యవధి ఉంటుంది, 800 అయితే అరగంట. రెండోది ఫిన్లాండ్ వాతావరణ శాఖ పెట్టే మాగ్నెటోమీటర్ (భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) గ్రాఫ్. అందులో గీత గట్టిగా కదిలిందంటే అక్కడే, అప్పుడే జరుగుతోందని అర్థం.

వీటన్నిటికంటే ముందు మబ్బుల మ్యాప్.

రేవతి_79
సౌరపవనం గారూ, ఇది నాకు అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు మీరే మొదటిసారి. మరి ముందే, బుక్ చేసేటప్పుడే ఏ వారం మంచిదో తెలుసుకునే దారి లేదా?

సౌరపవనం
పక్కాగా లేదు. కొంత లెక్క ఉంది. సూర్యుడి మీద కరోనల్ హోల్స్ అనే చోట్ల నుంచి వేగమైన సౌరపవనం వస్తుంది. మన వైపు నుంచి చూస్తే సూర్యుడు దాదాపు 27 రోజులకి ఒకసారి తిరుగుతాడు. ఒక వారం అరోరా బాగుంటే 27 రోజుల తర్వాత మళ్ళీ బాగుండే అవకాశం ఉంది. చివరి నిమిషంలో బుక్ చేసుకోగలిగినవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. పిల్లల స్కూలు సెలవులు చూసుకోవాల్సినవాళ్ళకి పెద్దగా ఉపయోగం లేదు.

గిరి_స్కీ
సోలార్ మ్యాక్సిమం, అంటే సూర్యుడి జోరు బాగా ఎక్కువగా ఉండే దశ, అయిపోయింది, ఇక అరోరా ఉండదు అంటున్నారు కదా?

సౌరపవనం
మ్యాక్సిమం దశకి చేరామని 2024 అక్టోబర్లో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించాయి. తర్వాత తగ్గే దశలో కూడా కరోనల్ హోల్స్ బాగా ఉంటాయి. లాప్‌లాండ్‌లో మ్యాక్సిమంతో పనే లేదు, మినిమంలో కూడా కనిపిస్తాయి. ఆ భయంతో తొందరపడి బుక్ చెయ్యనక్కర్లేదు.

ఆల్ప్స్_అనూష
మేం ఆస్ట్రియాలో స్కీకి వెళ్తున్నాం. అక్కడ అసలు ఆశ లేదా?

వంశీ_గోథెన్‌బర్గ్
2024 మే 10 రాత్రి ఆల్ప్స్‌లో కూడా ఎర్రగా కనిపించింది. అది జీ5, అంటే అన్నిటికంటే పై స్థాయి అయస్కాంత తుఫాను, 2003 తర్వాత మళ్ళీ అంత పెద్దది అదే. అలాంటిదాన్ని నమ్ముకుని టికెట్ కొనలేం. ఆల్ప్స్‌కి స్కీ కోసమే వెళ్ళండి.

లింగెన్_లలిత
ట్రోమ్సో సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. ట్రోమ్సో నాకు చాలా ఇష్టం. అయితే రేవతి గారి కుటుంబానికి సరిపడదనే అంటాను. అది సముద్రపు ఒడ్డు. లాప్‌లాండ్ అంత చలి ఉండదు, కానీ మబ్బూ, మంచూ, వానా ఎప్పుడు మారతాయో తెలియదు. అందుకే అక్కడి గైడ్లు రాత్రికి రాత్రి స్కిబోట్న్ లోయ దాకా, ఒక్కోసారి సరిహద్దు దాటి ఫిన్లాండ్ కిల్పిస్యార్వి దాకా వ్యాన్‌లో తీసుకుపోతారు. కొండల అవతల ఆకాశం తెరుచుకుని ఉంటుందని. తెల్లవారుజామున వెనక్కి వస్తారు. పొద్దున్నే స్కీకి లేవగలరా?

పైగా అక్కడ స్కీ అంటే ఎక్కువగా అక్కడి లింగెన్ ఆల్ప్స్ అనే కొండల్లో స్కీ టూరింగ్. లిఫ్ట్ ఉండదు, మనమే ఎక్కాలి, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించి తెలిసుండాలి. పెద్దవాళ్ళకి స్వర్గం. ఏడేళ్ళ పాపకి కాదు. నార్వేలోనే లిఫ్టులు కావాలంటే నార్విక్ చూడండి, కొండ మీద నుంచి నేరుగా ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కనిపిస్తుంది.

నీలిమంచు
మంచు లేని మబ్బు రోజుల్లో కూడా ట్రోమ్సో ఊరు ఊరే బాగుంటుంది అనేవాళ్ళున్నారు లలిత గారూ. స్కీ వద్దనుకునే ఇద్దరికి అక్కడే పని ఎక్కువ దొరుకుతుందేమో?

లింగెన్_లలిత
నిజమే. కానీ కుటుంబం రెండు ముక్కలవుతుంది. ఇద్దరు ఒక చోట, ఇద్దరు ఇంకో చోట.

కిరునా_రైలు
లెవీ, ట్రోమ్సో తప్ప ఇంకేం లేనట్టు మాట్లాడుతున్నారు! అబిస్కో, బ్యోర్క్‌లిడెన్ ఏమయ్యాయి? స్వీడన్ పైకొసన, కిరునా నుంచి నార్విక్ పోయే రైలు దారిలో. పడమటి నుంచి వచ్చే మబ్బులు కొండల దగ్గర ఖాళీ అయిపోయి, టోర్నెట్రెస్క్ సరస్సు మీద ఆకాశం తరచుగా తెరుచుకుని ఉంటుంది. చుట్టుపక్కలంతా మబ్బున్నా అక్కడ చుక్కలు కనిపించిన రాత్రులు నేనే చూశాను. అబిస్కోలో న్యుల్యా కొండ మీద, సుమారు 900 మీటర్ల ఎత్తులో అరోరా స్కై స్టేషన్ ఉంది, చెయిర్‌లిఫ్ట్‌లో పోతారు. స్కీకి పక్క స్టేషన్ బ్యోర్క్‌లిడెన్. చిన్నది, పిల్లలకి అనువైనది. దీపాలు తక్కువ. గది తలుపు తీసి నాలుగు అడుగులేస్తే చీకటి.

హెల్సింకి_శ్రీను
అరోరా ఒక్కటే లెక్క అయితే నేనూ అబిస్కోకే ఓటేస్తాను. కానీ వాళ్ళలో ఇద్దరికి స్కీ ముఖ్యం. లెవీలో నలభైకి పైగా స్లోప్స్ ఉన్నాయి, వరల్డ్ కప్ స్లాలమ్ జరిగే కొండ. గెలిచినవాళ్ళకి రెయిన్‌డీర్‌ని బహుమతిగా ఇస్తారు తెలుసా! ఆ అబ్బాయికి బ్యోర్క్‌లిడెన్ తొందరగా బోర్ కొడుతుందేమో.

కిరునా_రైలు
పెద్ద కొండ కావాలంటే అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే రిక్స్‌గ్రెన్సెన్ ఉంది. కాకపోతే అక్కడ లిఫ్టులు ఫిబ్రవరిలో గానీ తెరవరు. డిసెంబర్ అనుకునేవాళ్ళు ఆ పేరు కొట్టేయండి. మార్చి అయితే భేషుగ్గా ఉంటుంది.

రేవతి_79
మరి దీపాల సంగతి? ఆఫీసావిడ చెప్పింది నిజమేనా? లెవీ ఊళ్ళో ఏమీ కనపడదా?

మంచుదారి
గట్టి అరోరా అయితే స్లోప్ మీద నిలబడ్డా కనిపిస్తుంది. సన్నదైతే ఫ్లడ్‌లైట్ల పక్కన మాయమైపోతుంది. లెవీలో ఊరి పక్కనే ఇమ్మెల్యార్వి అనే సరస్సు ఉంది, చలికాలం గడ్డకట్టి ఉంటుంది. హోటళ్ళ నుంచి నడిచి పోవచ్చు. మంచు ఎంత గట్టిగా ఉందో హోటల్లో అడిగి, జనం నడిచిన దారి మీదే వెళ్ళండి. ఊరి దీపాలకి వీపు పెట్టి నిలబడండి. ఫోన్ తీసి చూడకుండా 20 నిమిషాలు ఉంటే కళ్ళు చీకటికి అలవాటు పడతాయి. చాలామంది ఐదు నిమిషాలు చూసి ఏమీ లేదని వెళ్ళిపోతారు, నాకు వాళ్ళని చూస్తే బాధేస్తుంది. అరోరా వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఒక గంట ఇవ్వాలి దానికి.

గిరి_స్కీ
ఒక ఆలోచన. రాత్రి లిఫ్టులు మూసేశాక స్కిన్స్ (స్కీలు వెనక్కి జారకుండా కింద అంటించే పట్టీలు) వేసుకుని కొండ ఎక్కి, పై నుంచి అరోరా చూసి స్కీ చేసుకుంటూ దిగితే? చీకటి, ఎత్తు, రెండూ దొరుకుతాయి.

మంచుదారి
వద్దు గిరీ. దయచేసి వద్దు. మూసేశాకే స్లోప్స్ చదును చేసే బండ్లు బయల్దేరతాయి. నిటారు చోట్ల ఆ బండిని వించ్ కేబుల్‌తో పైన కట్టి నడుపుతారు. వందల మీటర్ల ఇనుప తాడు చీకట్లో కనపడదు, ఒక్కసారిగా బిగుసుకుని గాల్లోకి లేస్తుంది. దానికి తగిలి మనుషులు చనిపోయారు. స్కీ మీదే చూడాలని ఉంటే క్రాస్‌కంట్రీ ట్రాక్‌లకి వెళ్ళు. దీపాల ట్రాక్ నుంచి కాస్త పక్కకి వెళ్ళి హెడ్‌ల్యాంప్ ఆర్పేస్తే చాలు. కావాలంటే గైడ్‌తో రాత్రి స్నోషూ నడక ఉంటుంది.

గిరి_స్కీ
కేబుల్ సంగతి నాకు తెలియదు. మానుకున్నా.

కెమెరా_కిట్టు
ఒక మాట ముందే చెప్పడం మంచిది. కంటికి ఫోటోలో ఉన్నంత రంగు కనపడదు. మసక వెలుగులో మన కన్ను రంగుల్ని సరిగా పట్టలేదు. సన్నటి అరోరా బూడిద రంగు మబ్బుచారలా ఉంటుంది. అది మబ్బో అరోరానో తెలియకపోతే ఫోన్ నైట్ మోడ్‌లో ఒక ఫోటో తీయండి, ఆకుపచ్చగా వస్తే అరోరా. పాపకి ఈ విషయం ముందే చెప్పండి, లేకపోతే యూట్యూబ్‌లో చూసినట్టు లేదని ఏడుస్తుంది.

నీలిమంచు
ఇది సగం నిజం కిట్టు గారూ. గట్టిగా వచ్చినప్పుడు ఆకుపచ్చ కంటికే స్పష్టంగా కనిపిస్తుంది, కింది అంచున గులాబీ కూడా. అన్నిటికంటే ఆ కదలిక. ఏ ఫోటోలోనూ రాదు. నెత్తి మీద నుంచి కిరణాలు విచ్చుకుంటుంటే మా పక్కన నిలబడ్డ పెద్దాయన అరిచేశారు.

సౌరపవనం
ఇద్దరూ కరెక్టే. ఆకుపచ్చ ఆక్సిజన్ నుంచి, 557.7 నానోమీటర్లు, మన కన్ను బాగా పట్టే రంగుకి దగ్గర. ఎరుపు కూడా ఆక్సిజనే, కాకపోతే 200 కిలోమీటర్ల పైన. దాన్ని కన్ను అంతగా పట్టదు, కెమెరా పడుతుంది. కింది అంచు గులాబీ, ఊదా నైట్రోజన్ వి.

కెమెరా_కిట్టు
సరే, సెట్టింగులు కావాలన్నవాళ్ళకి: ట్రైపాడ్, వైడ్ లెన్స్, ఎఫ్ 2.8 లేదా ఉన్నంతలో తక్కువ, ఐఎస్ఓ 1600 నుంచి 3200. వేగంగా కదులుతుంటే 2 సెకన్లు, నెమ్మదిగా ఉంటే 8, 10. ఫోకస్ మాన్యువల్‌లో ఒక నక్షత్రం మీద. లోపలికి వచ్చేముందు కెమెరాని సంచిలో పెట్టి జిప్ వేసెయ్యండి, లేకపోతే గది వేడికి లెన్స్ నిండా నీళ్ళు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. బయట పట్టుకుని నిలబడితే బ్యాటరీ 40 శాతం ఉన్నా ఆరిపోతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి
రేవతి గారూ, బట్టల గురించి నేను చెప్తా. స్కీ డ్రెస్ ఉంది కదా అదే చాలు అనుకుంటారు అందరూ. అది కదులుతూ ఉండేవాళ్ళ కోసం కుట్టింది. మైనస్ 20లో కదలకుండా నిలబడితే అది ఆపదు. పైగా పగలు స్కీ చేసిన చెమట లోపలి బట్టలో ఉంటుంది. రాత్రి బయటికి వెళ్ళేముందు ఒంటికి తగిలే పొర మార్చేయాలి. పొడి ఉన్ని వేసుకోవాలి, కాటన్ అసలు వద్దు. బూట్లు ఒక సైజు పెద్దవి, వేళ్ళు ఆడాలి. రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే కాళ్ళు ఇంకా తొందరగా గడ్డకడతాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు నిద్ర. పగలంతా మంచులో ఆడినవాళ్ళు రాత్రి ఎనిమిదింటికే పడిపోతారు. మేం మధ్యాహ్నం స్కీ ముందే ఆపేసి పిల్లల్ని రెండు గంటలు పడుకోబెట్టేవాళ్ళం. పెద్దవాళ్ళలో ఒకరు బయట కాపలా, కనిపిస్తే మిగతావాళ్ళని లేపడం. కొన్ని హోటళ్ళలో అరోరా వస్తే మోగే అలారం ఉంటుంది, బుకింగ్ ముందు అడగండి.

కేపీ_బాధితుడు
టూర్ల గురించి కూడా ఒక మాట. మేం డబ్బు కట్టిన టూర్‌లో, మబ్బు పట్టిందని తెలిసీ, బస్సులో ఊరి పక్కన ఒక గుడారానికి తీసుకెళ్ళి సాసేజ్ కాల్చి పెట్టి వెనక్కి తెచ్చారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. కట్టేముందు రెండు అడగండి: మబ్బుంటే వేరే చోటికి డ్రైవ్ చేస్తారా, పూర్తిగా మూసుకుపోతే రద్దు చేసి డబ్బు ఇస్తారా.

వంశీ_గోథెన్‌బర్గ్
కారు అద్దెకి తీసుకుని తామే వెళ్దామనుకునేవాళ్ళకి: రెయిన్‌డీర్లు రోడ్డు మీదకి వస్తాయి, చీకట్లో దగ్గరికి వెళ్ళేదాకా కనపడవు. ఆకాశం చూస్తూ నడపొద్దు. కనిపించింది కదా అని రోడ్డు అంచున ఆపొద్దు, పార్కింగ్ చోటు దాకా వెళ్ళి దీపాలు ఆర్పండి. మంచు రోడ్డు అలవాటు లేకపోతే ఆ పని గైడ్‌కి వదిలేయడమే నయం.

లింగెన్_లలిత
ఎవరైనా అరోరా శబ్దం విన్నారా? మా గైడ్ ఒకాయన చిటపటలు వినిపిస్తాయని ఒట్టేసి చెప్పాడు.

హెల్సింకి_శ్రీను
నేను వినలేదు. ఇక్కడ ఆల్టో యూనివర్సిటీలో ఉంటో లైనె అనే ఆయన చాలా ఏళ్ళు రికార్డింగులు చేశారు. శబ్దం అరోరా నుంచి కాదట, నేలకి దాదాపు 70 మీటర్ల ఎత్తులో, బాగా చలిగా ఉండి గాలి లేని రాత్రుళ్ళలో పుట్టే విద్యుత్ చిటపట అని ఆయన వివరణ. అదృష్టం ఉంటే వినండి.

రేవతి_79
ఇంట్లో అందరం కూర్చుని చదివాం. లెవీనే ఖాయం చేస్తున్నాం, మార్చి రెండో సగం, గడియారం మారేలోపు. మా వాడికి కొండ, పాపకి సరస్సు. మా ఆయన కనీసం సగం రాత్రుళ్ళు కాపలా కాస్తానని మాటిచ్చారు. హెల్సింకి నుంచి విమానమా, రైలా? స్కీ సామాను ఉంది.

హెల్సింకి_శ్రీను
విమానమైతే కిట్టిలా, అక్కడి నుంచి లెవీ దగ్గరే, బస్సు ఉంటుంది. రైలైతే కోలారి దాకా రాత్రి రైలు, పడుకునే బెర్తులు ఉంటాయి. అక్కడి నుంచి లెవీకి బస్సు. పిల్లలకి రైలే నచ్చుతుంది, స్కీలు పెట్టుకోవడం కూడా తేలిక. కాకపోతే కోలారి రైలు రోజూ ఉండకపోవచ్చు, టైమ్‌టేబుల్ చూసి హోటల్ తేదీలు పెట్టుకోండి. ఫిన్లాండ్ స్కూళ్ళ స్కీ సెలవులు ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా ప్రాంతాల వారీగా వస్తాయి, మీ తేదీలకి అవి అయిపోతాయి. ఈస్టర్ ఎప్పుడు పడుతుందో మాత్రం చూసుకోండి, ఆ వారం బెర్తులు దొరకవు.

ఇద్దరు_పిల్లల_తల్లి
నలుగురే కాబట్టి పక్కపక్కన రెండు క్యాబిన్లు అడగండి, మధ్య తలుపు తెరుచుకునేవి కొన్ని ఉంటాయి. అవే ముందు అయిపోతాయి.